నేత చీరను ఫొటో చూసి గుర్తుపట్టొచ్చా? కృత్రిమ మేధ చూసేదెంత, వదిలేసేదెంత

దుకాణంలో చీర మడత విప్పి ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు, అది పోచంపల్లి ఇక్కత్తో, పటాన్ పటోళానో, సంబల్‌పురినో ఫోనే చెప్పేస్తుంది. వినడానికి బాగుంది. ‘డీప్ లెర్నింగ్’ అనే కృత్రిమ మేధ పద్ధతితో సంప్రదాయ వస్త్రాల డిజైన్లను గుర్తించే పని ఇండోనేషియా బతిక్ నుంచి మన చేనేత దాకా చాలాచోట్ల సాగుతోంది. చేనేత పేరు చెప్పి మరమగ్గం బట్టను, అచ్చు వేసిన బట్టను అంటగడుతున్న మార్కెట్లో ఇలాంటి పరికరం వస్తే నేత కుటుంబాలకు మేలేనని అనుకోవడం సహజం.

అయితే ఫొటో చూసి యంత్రం చెప్పగలిగేది డిజైన్ పేరు. కొనేవారు డబ్బు పెట్టేది, నేత కుటుంబం బతుకు ఆధారపడి ఉన్నది ఆ డిజైన్ ఎలా తయారైందన్న దాని మీద. ఈ రెండూ ఒకటి కావు. ఈ తేడాను పట్టించుకోకుండా ఇలాంటి పరికరాలను మార్కెట్లోకి వదిలితే, నకిలీకి అసలు ముద్ర వేసే పని యంత్రమే చేసిపెడుతుంది. సరిగా వాడుకుంటే మాత్రం చేనేతకు ఇప్పటిదాకా లేని రక్షణ ఒకటి దొరుకుతుంది. ఏది జరుగుతుందన్నది సాంకేతికత కన్నా ఎక్కువగా మనం తీసుకునే నిర్ణయాల మీదే ఆధారపడి ఉంది.

యంత్రం బట్టను ఎలా చూస్తుంది?

డీప్ లెర్నింగ్ యంత్రానికి ‘ఇక్కత్ అంటే ఇది’ అని ఎవరూ సూత్రాలు రాసి ఇవ్వరు. పేరు తగిలించిన ఫొటోలను వేల సంఖ్యలో చూపిస్తారు. అది ముందు గీతలను, అంచులను, రంగుల మార్పులను పట్టుకుంటుంది. తర్వాత పొరలో వాటిని కలిపి చిన్న చిన్న ఆకృతులను, ఆపై పొరల్లో పూర్తి రూపాలను గుర్తించడం నేర్చుకుంటుంది. చెప్పిన పేరు తప్పయితే లోపలి అంకెలను కాస్త సవరించుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది. 2012లో ‘అలెక్స్‌నెట్’ అనే మోడల్ ‘ఇమేజ్‌నెట్’ పోటీలో సుమారు 12 లక్షల ఫొటోలతో నేర్చుకుని, 1000 రకాల వస్తువులను గుర్తించడంలో మిగతా పద్ధతులను చాలా వెనక్కి నెట్టింది. ఈ రంగం పరుగందుకున్నది అప్పటి నుంచే.

వస్త్రాల మీద పనిచేసేవారికి లక్షల ఫొటోలు దొరకవు. అందుకే సాధారణంగా ఇమేజ్‌నెట్ మీద ముందే నేర్చుకున్న మోడల్‌ను తీసుకుని, కొన్ని వందలో వేలో చీరల ఫొటోలతో దానికి కొత్త పాఠం చెబుతారు. ఈ మోడళ్లకు మరో గుణం ఉంది. 2018లో జర్మనీ పరిశోధకులు ఏనుగు చర్మాన్ని కప్పిన పిల్లి బొమ్మను చూపిస్తే, మనుషులు పిల్లి అన్నారు, యంత్రం ఏనుగు అంది. ఆకారం కన్నా పైతలం తీరుకే ఈ మోడళ్లు ఎక్కువ విలువ ఇస్తాయని ఆ ప్రయోగాలు చూపించాయి. బట్టల డిజైన్లను గుర్తించడానికి ఇది అనుకూలించే గుణమే. చుక్క, గళ్లు, పునరావృతమయ్యే వజ్రాకారం లాంటివి యంత్రం బాగా పట్టుకుంటుంది. కాబట్టి ‘ఇది ఇక్కత్ తరహా డిజైన్’ అని చెప్పడం దానికి కష్టమేమీ కాదు. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్న దగ్గరే వస్తుంది.

ఇక్కత్ పుట్టేది మగ్గం ఎక్కకముందే

పోచంపల్లి చీర మీద కనిపించే డిజైన్‌ను నేసిన తర్వాత వేయరు. నూలు దశలోనే వేస్తారు. ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోస్తారు. ఒక్క చీరకు చేతిని సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. తల్లి పడుతున్న ఈ కష్టం చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు పోసిన నూలు మీద గీతలు గీసి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్లు కట్టి అద్దకం వేస్తారు. మరో రంగు కావాలంటే కట్లు విప్పి, వేరే చోట కట్టి మళ్లీ అద్దుతారు. ఇదంతా అయ్యాకే నూలు మగ్గం ఎక్కుతుంది. పేకలోనే కట్లుంటే అది ఒంటి ఇక్కత్. పడుగులోనూ పేకలోనూ కట్లు వేసి రెండింటినీ మగ్గం మీద కలిపితే జంట ఇక్కత్. పటాన్ పటోళా, పుట్టపాక తేలియా రుమాలు ఈ రెండో కోవకు చెందినవి.

ఈ పద్ధతి బట్ట మీద గుర్తులు వదిలి వెళ్తుంది. పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడం వల్ల డిజైన్ అంచు ఈకలా పలచబడుతుంది. ఆ చెదురు ఏ దిక్కున ఉందో చూస్తే కట్లు పడుగుకు వేశారో పేకకు వేశారో తెలుస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు పువ్వులు ఒకే అచ్చులో పోసినట్టు ఉండవు. రంగు నూలు లోపలి దాకా దిగి ఉంటుంది కాబట్టి చీర రెండు వైపులా డిజైన్ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. కొంగు చివరి పోగు ఒకటి లాగి చూస్తే, దాని చుట్టూతా రంగు ఉంటుంది. అచ్చు వేసిన బట్టలో పోగు పైభాగానికి రంగు గట్టిగా పట్టి, వెనుక వైపు వెలిసినట్టు ఉంటుంది. పైగా రంగు గీత దాటే చోట పడుగూ పేకా రెండూ ఒకేసారి రంగు మారతాయి. పేకలో మాత్రమే కట్లు వేసిన ఇక్కత్‌లో పడుగు పోగు తన రంగులోనే ఉండిపోతుంది.

ఇప్పుడు ఫొటో సంగతి చూద్దాం. చాలా మోడళ్లు ఏ ఫొటో ఇచ్చినా దాన్ని నిలువు 224, అడ్డం 224 చుక్కలకు కుదించి చూస్తాయి. అయిదున్నర మీటర్ల చీరను పొడవునా పరిచి ఫొటో తీస్తే ఒక్కో చుక్కలో దాదాపు రెండున్నర సెంటీమీటర్ల బట్ట ఇమిడిపోతుంది. మీటరు బట్టను మాత్రమే చూపించినా ఒక్కో చుక్కకు నాలుగున్నర మిల్లీమీటర్లు. సెంటీమీటరుకు ఇరవైకి పైగా పోగులుండే బట్టలో, పది పోగులు కలిసి ఒక్క చుక్క అవుతాయి. అసలుకూ అచ్చుకూ తేడా చెప్పే సాక్ష్యం పోగు స్థాయిలో ఉంటే, యంత్రం ముందుకు వచ్చేసరికి అది చెరిగిపోయింది. ఈకలాంటి అంచు కూడా నమ్మదగిన గుర్తు కాదు. అసలు చీరనే స్కాన్ చేసి డిజిటల్‌గా అచ్చు వేస్తే ఆ అంచు కూడా అచ్చులోకి వచ్చేస్తుంది.

ఇది దాటలేని అడ్డంకి మాత్రం కాదు. ఎక్కువ చుక్కలను తీసుకునే మోడళ్లు ఉన్నాయి. బట్టను ముక్కలు ముక్కలుగా చూపించవచ్చు. తక్కువ ధరకు దొరికే చిన్న మాగ్నిఫయర్ లెన్సును ఫోన్‌కు తగిలించి దగ్గర్నుంచి ఫొటో తీయవచ్చు. చీర వెనుక వైపు, అంచు, కొంగు పోగులు వేర్వేరుగా తీయవచ్చు. కానీ ఏ ఫొటో తీయాలో చెప్పగలిగేది నేత తెలిసినవారే. వారిని పక్కన పెట్టి ఆన్‌లైన్‌లో దొరికే కేటలాగ్ ఫొటోలతో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఎంత పెద్ద మోడల్ వాడినా ఇక్కడే ఆగిపోతుంది.

పాఠం చెబుతున్నదెవరు?

యంత్రానికి గురువు ఫొటోకు తగిలించిన పేరు. ఆ పేరు ఎవరు పెట్టారన్నది అసలు ప్రశ్న. ఇంటర్నెట్‌లో ‘పోచంపల్లి’ అని వెతికితే వచ్చే ఫొటోల్లో నేసినవీ ఉంటాయి, అచ్చు వేసినవీ ఉంటాయి. వాటికి పేరు పెట్టింది అమ్మేవారు. ఏ తప్పుడు పేరును పట్టుకోవడానికి యంత్రాన్ని తయారుచేస్తున్నామో, అదే తప్పుడు పేరును దానికి పాఠంగా చెబుతున్నామన్నమాట. అలా నేర్చుకున్న యంత్రం అచ్చు చీరను చూసి ‘పోచంపల్లి’ అంటే అది చెడిపోయినట్టు కాదు. చెప్పిన పాఠాన్ని చక్కగా అప్పజెప్పినట్టు.

రెండో ప్రమాదం దొడ్డిదారి. 2016లో అమెరికా పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. తోడేళ్ల ఫొటోలన్నీ మంచు నేపథ్యంలో ఉన్నవి, హస్కీ కుక్కల ఫొటోలన్నీ మంచు లేనివి కావాలనే ఎంచి యంత్రానికి నేర్పారు. అది జంతువును వదిలేసి మంచును చూసి ‘తోడేలు’ అనడం మొదలుపెట్టింది. చీరల విషయంలో ఇది ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పెద్ద బ్రాండ్ల అసలు చేనేత చీరలు స్టూడియో వెలుతురులో, బొమ్మకు కట్టి తీసినవి. చౌక చీరలు గోడౌన్‌లో నేల మీద పరిచి తీసినవి. యంత్రం బట్టను చూడకుండా వెలుతురును చూసి తీర్పు చెప్పొచ్చు. అప్పుడు తన ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద మామూలు ఫోన్‌తో ఫొటో తీసి నేరుగా అమ్ముకునే నేత కుటుంబం చీరే ‘నకిలీ’ అవుతుంది. మధ్యవర్తిని తప్పించుకోవాలని చూసే మనిషికే ఈ దెబ్బ మొదట తగులుతుంది.

మూడోది, ఈ మోడళ్లు పెరిగిన నేల మనది కాదు. ఈ రంగంలో కొత్తగా వచ్చే విద్యార్థులు చాలామంది వాడే ‘ఫ్యాషన్ ఎమ్‌నిస్ట్’ అనే సమాహారాన్ని 2017లో యూరప్ ఆన్‌లైన్ వ్యాపార సంస్థ జలాండో విడుదల చేసింది. అందులో 70 వేల బొమ్మలు, 10 రకాలు. టీషర్టు, ప్యాంటు, కోటు, బూటు ఉన్నాయి. చీర లేదు, పంచె లేదు, లుంగీ లేదు. ఇమేజ్‌నెట్ ఫొటోల్లో 45 శాతానికి పైగా అమెరికావని, చైనా, భారత్ రెండూ కలిపి 3 శాతమేనని 2018లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన వ్యాసం గుర్తుచేసింది. తెల్ల గౌను వేసుకున్న అమెరికా పెళ్లికూతురిని ‘పెళ్లికూతురు’ అన్న యంత్రాలు, ఉత్తర భారత పెళ్లికూతురి ఫొటోకు ‘వేషం’, ‘ప్రదర్శన కళ’ అని పేరు పెట్టాయని ఆ వ్యాసమే చెప్పింది. మన బట్టను మన పేరుతో గుర్తించే మోడల్ కావాలంటే ఫొటోలూ పేర్లూ మనమే సమకూర్చుకోవాలి.

95 శాతం అంటే ఎంత?

ఇలాంటి ప్రాజెక్టులు 95 శాతం కచ్చితత్వం అని ప్రకటిస్తే చదివేవారికి భరోసాగా ఉంటుంది. ఆ అంకెను ఒకసారి విప్పి చూద్దాం. ఒక ఆన్‌లైన్ దుకాణంలో ‘చేనేత’ పేరుతో 1000 చీరలున్నాయి, వాటిలో నిజంగా నేసినవి 100 అనుకుందాం. యంత్రం రెండు వైపులా 95 శాతం సరిగ్గా చెబుతుందనీ అనుకుందాం. 100 అసలు చీరల్లో 95ను అసలే అంటుంది. 900 నకిలీల్లో 5 శాతాన్ని, అంటే 45ను కూడా అసలే అంటుంది. మొత్తం 140 చీరలకు ‘చేనేత’ ముద్ర పడితే అందులో 45 నకిలీలు. దాదాపు మూడింట ఒకటి. మరోవైపు అయిదు నేత చీరలు నకిలీలుగా మిగిలిపోతాయి. ఆ అయిదూ ఎవరి ఇంట్లోనో రోజుల తరబడి చేసిన పని.

ఆ 95 శాతం కూడా ఎలా వచ్చిందో అడగాలి. ఒకే చీరను నాలుగు కోణాల్లో తీసిన ఫొటోల్లో మూడింటిని పాఠానికి, నాలుగోదాన్ని పరీక్షకు పెడితే, చదివిన ప్రశ్నే పరీక్షలో వచ్చినట్టు. పాఠానికి వాడిన ఊళ్లు, దుకాణాలు, ఫోన్లు వేరు, పరీక్షకు వాడినవి వేరు అయితేనే ఆ అంకెకు విలువ.

గీత గీయలేని చోట గీత

డిజైన్‌కు ఒక్క పేరే తగిలించాలన్న పట్టుదల మరో చిక్కు తెస్తుంది. ఉదాహరణ దక్షిణాసియాలోనే ఉంది. జాందానీ నేతను బంగ్లాదేశ్ తరఫున 2013లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన కాకినాడ తీరంలోని ఉప్పాడ జాందానీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ వచ్చింది. 2024 జనవరిలో పశ్చిమ బెంగాల్‌కు టంగైల్ చీర మీద జీఐ దక్కితే, టంగైల్ జిల్లా ఉన్నది తమ దేశంలో కదా అని బంగ్లాదేశ్‌లో నిరసన చెలరేగింది. మరుసటి నెలలోనే ఢాకా కూడా తన టంగైల్ చీరకు జీఐ ఇచ్చుకుంది. దేశ విభజన తర్వాత టంగైల్ నుంచి బసాక్ నేత కుటుంబాలు నదియా జిల్లా ఫూలియాకు తరలివచ్చాయి. చేతులతో పాటు నేత కూడా సరిహద్దు దాటింది.

ఫొటో చూసి ఇది ఫూలియాదా, టంగైల్‌దా అని యంత్రం ఏ ఆధారంతో చెబుతుంది? శిక్షణ ఇచ్చినవారు ఏ పేరు పెడితే ఆ పేరు చెబుతుంది. అంటే డేటా తయారుచేసినవారి పక్షం, అంకెల రూపంలో ‘శాస్త్రీయ నిర్ణయం’గా బయటికి వస్తుంది. నేత పద్ధతి ఏమిటి, ఏ ఊళ్లలో ఉంది, ఎవరు నేస్తున్నారు అన్నవి విడివిడిగా నమోదు చేయకుండా ఒక్క పేరుతో సరిపెడితే, రేపు వాణిజ్య వివాదాల్లో ఆ అంకెనే సాక్ష్యంగా చూపిస్తారు.

1866లో ఒకసారి జరిగింది

వస్త్ర నమూనాలను సేకరించి, వర్గీకరించి, నకళ్లు తీసి పంచడం కొత్త ఆలోచన కాదు. 1866లో లండన్‌లోని ఇండియా మ్యూజియం బాధ్యతలు చూసిన జాన్ ఫోర్బ్స్ వాట్సన్ మన దేశమంతటి నుంచి వచ్చిన బట్టల నుంచి 700 ముక్కలు కత్తిరించి, 18 సంపుటాల్లో అతికించారు. ఒక్కోదానికి ఊరు, కొలతలు, వాడకం రాశారు. అలాంటివి 20 సెట్లు తయారుచేస్తే 13 బ్రిటన్‌లోని జౌళి పట్టణాలు, సంస్థలకు వెళ్లాయి, 7 భారత్‌కు వచ్చాయి. భారతీయులు ఏం కడతారో, ఏ డిజైన్లు ఇష్టపడతారో బ్రిటిష్ మిల్లులకు తెలియజేసి, అలాంటి బట్టను అక్కడే తయారుచేసి ఇక్కడ అమ్ముకునేలా చేయడమే దాని ఉద్దేశం. ఆ సంపుటాలు ఈ రోజు చరిత్రకారులకు అమూల్యమైన నిధి. ఆ బట్టలు నేసినవారికి మాత్రం వాటి వల్ల పోటీ పెరిగింది, ఫలితం దక్కలేదు.

నేటి డేటాసెట్ ఆ సంపుటాల కన్నా ఒక అడుగు ముందుంది. గుర్తించడానికి నేర్పిన ఫొటోలతోనే కొత్త డిజైన్లు పుట్టించే మోడళ్లకూ నేర్పవచ్చు. వేలాది ఇక్కత్ ఫొటోలు చూసిన యంత్రాన్ని ‘ఇలాంటివే వంద గీయి’ అంటే నిమిషాల్లో గీస్తుంది. ఆ ఫైలు నేరుగా డిజిటల్ ప్రింటింగ్ యంత్రంలోకి వెళ్తుంది. నేత కుటుంబం కొత్త డిజైన్ ఆలోచించి, గ్రాఫ్ గీసి, ఆసు పోసి, కట్లు కట్టి, అద్ది, నేసి సంతకు తెచ్చేలోపే దాని పోలికలు మార్కెట్‌ను నింపేయగలవు.

2023 ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు ప్రధాని నరేంద్ర మోదీ ‘భారతీయ వస్త్ర ఏవం శిల్ప కోశ్’ అనే పోర్టల్‌ను ప్రారంభించారు. దీన్ని నిఫ్ట్ తయారుచేసింది. వస్త్రాలు, చేతికళల సమాచారం ఒకచోటికి తేవడం మంచి పనే. అలాంటి భాండాగారం ఏదైనా సరే, అందులోని ఫొటోలతో ఎవరు ఏ యంత్రానికైనా శిక్షణ ఇచ్చుకోవచ్చా, ఇచ్చుకుంటే నేతవారికి దక్కేదేమిటి అన్న ప్రశ్నలకు ముందే సమాధానం రాసిపెట్టుకోవాలి. ఒకసారి నేర్చుకున్న యంత్రాన్ని మరిచిపోమని అడగడం దాదాపు అసాధ్యం.

చట్టం కాపాడుతుందా?

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో జీఐ వచ్చింది. తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. జీఐ చట్టం ప్రధానంగా కాపాడేది పేరును, ఆ పేరుకు ఊరితో ఉన్న సంబంధాన్ని. బయటి బట్టను ‘పోచంపల్లి’ అని అమ్మితే చట్టానికి దొరుకుతారు. ఊరి పేరు ఎక్కడా రాయకుండా ‘ఇక్కత్ ప్రింట్’ అని అమ్మితే కేసు నిలబెట్టడం కష్టం. 2000 నాటి డిజైన్ల చట్టం కొత్తదనం ఉన్న డిజైన్‌కే రక్షణ ఇస్తుంది, అదీ గరిష్ఠంగా 15 ఏళ్లు. తరాల నాటి డిజైన్ అందులో ఇమడదు. డిజైన్‌గా నమోదు చేసుకోదగిన దాన్ని నమోదు చేయకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి ఉత్పత్తి చేస్తే కాపీరైట్ కూడా పోతుంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం నిర్ణీత లక్షణాలున్న 11 రకాల వస్త్రాలను మరమగ్గాల మీద నేయకూడదంటుంది. సుప్రీంకోర్టు 1993లో ఆ చట్టాన్ని సమర్థించింది. దాన్ని అమలు చేసే యంత్రాంగం మాత్రం లక్షల మరమగ్గాల ముందు, అంతకు మించిన ఆన్‌లైన్ అమ్మకాల ముందు చాలా చిన్నది.

అంతర్జాతీయంగా కాస్త కదలిక ఉంది. 2024 నవంబర్‌లో రియాద్‌లో కుదిరిన డిజైన్ చట్ట ఒప్పందం, డిజైన్ నమోదుకు వచ్చేవారు అందులో వాడుకున్న సంప్రదాయ కళారూపాలను వెల్లడించాలని సభ్యదేశాలు షరతు పెట్టుకునే వీలు కల్పించింది. యంత్రం పుట్టించిన డిజైన్‌ను ఎవరైనా సొంతదిగా నమోదు చేయబోతే, దాని మూలాన్ని చూపించగల నమ్మకమైన రికార్డు మన దగ్గర ఉండటం ఇక్కడ అక్కరకొస్తుంది.

వాడుకునే దారి ఏది?

యంత్రాన్ని న్యాయమూర్తిగా కాకుండా జల్లెడగా వాడటం మొదటి మెట్టు. ఆన్‌లైన్ దుకాణాల్లో చేనేత పేరుతో ఉన్న లక్షల ఫొటోలను ఏ అధికారీ ఒక్కొక్కటిగా చూడలేరు. పక్కపక్కన ఉన్న పువ్వులు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నవి, ఒకే ఫొటోను పది పేర్లతో వాడినవి, ధరకూ పేరుకూ పొంతన లేనివి ఏరి పక్కన పెట్టడం యంత్రానికి బాగా చేతనైన పని. అలా ఏరిన వాటిని మనిషి చూడాలి, చీర తెప్పించి పోగు లాగి పరీక్షించాలి. 2006 నుంచి ఉన్న హ్యాండ్లూమ్ మార్క్‌ను అమలు చేస్తున్న టెక్స్‌టైల్స్ కమిటీ, 1956 నుంచి పనిచేస్తున్న వీవర్స్ సర్వీస్ సెంటర్లు ఈ బాధ్యతకు తగినవే. అనుమానం వచ్చినప్పుడు నిరూపించుకునే భారం అమ్మే పెద్ద వేదిక మీద ఉండాలి. నేత కుటుంబం మీద కాదు.

రెండోది, రికార్డు మగ్గం దగ్గరే మొదలవ్వాలి. చీర పూర్తయ్యాక వెతకడం కన్నా నేస్తున్నప్పుడే నమోదు చేయడం తేలిక. కట్లు కట్టిన నూలు, మగ్గం మీద సగం నేసిన బట్ట, వెనుక వైపు, అంచు, లెన్సుతో తీసిన పోగుల ఫొటో. ఇవి సహకార సంఘం దగ్గర ఉంటే, తర్వాత ఎక్కడ ఆ చీర కనిపించినా యంత్రం పోల్చి చెప్పగలదు. ఏ రెండు ఇక్కత్ చీరల చెదురూ ఒకేలా ఉండదు కాబట్టి అది ఆ చీరకు వేలిముద్ర లాంటిది. ‘ఇది పోచంపల్లా?’ అన్న ప్రశ్న కన్నా ‘సంఘం నమోదు చేసిన ఫలానా చీర ఇదేనా?’ అన్న ప్రశ్నకు యంత్రం చాలా నమ్మకంగా జవాబు చెబుతుంది.

మూడోది, తాళంచెవి. ఆయుర్వేదం, యోగాల మీద విదేశీ పేటెంట్లను అడ్డుకోవడానికి 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం సమాచారాన్ని చాలాకాలం పేటెంట్ కార్యాలయాలకు మాత్రమే, అదీ బయటపెట్టబోమన్న ఒప్పందంతో అందించింది. వస్త్రాల డేటాకూ అలాంటి ఏర్పాటు ఆలోచించవచ్చు. పోల్చి చూడటానికి అందరికీ అవకాశం, మోడళ్ల శిక్షణకు మాత్రం సంఘం అనుమతి, అందుకు ప్రతిఫలం. ఈ ఒప్పందం మీద సంతకం పెట్టేవారిలో నేతవారు ఉండాలి.

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేతవారు, అనుబంధ కార్మికులు కలిపి 35.22 లక్షల మంది. అంతకు పదేళ్ల ముందు వారు 43.31 లక్షలు. నేతవారిలో 70 శాతానికి పైగా మహిళలు. మూడింట రెండొంతుల కుటుంబాల నెల ఆదాయం 5 వేల రూపాయల లోపే. అచ్చు చీరకూ నేత చీరకూ తేడా తెలియక కొనే ప్రతి చీరా ఈ అంకెల్లో ఎక్కడో ఒక మగ్గాన్ని ఆపుతుంది. ఆ తేడా చెప్పే యంత్రం రావాల్సిందే. దానికి నేర్పే గురువుల్లో నేతవారు ఉన్నారా, వారి దగ్గర నేర్చుకున్న విద్యకు అది బాకీ తీరుస్తుందా అన్నది అలాంటి పరికరం ఏది మార్కెట్లోకి వచ్చినా ముందుగా అడగాల్సిన ప్రశ్న. అంతవరకు కొనేవారి చేతిలో ఉన్న పరీక్ష పాతదే. చీరను తిరగేసి చూడండి, కొంగు చివర పోగు పట్టుకుని చూడండి, ఎక్కడ నేశారని అడగండి.